సంఘ కార్యాలయపు మెయిలు జాబితా: దానిని సరిచూచుకొను విధము



మందను కాచువాడు ప్రొద్దు గ్రుంకువేళ దొడ్డివాకిట నిలిచి గొఱ్ఱెలను లెక్కించును. లెక్కించుటవలన మంద పెరుగదు. కాని లెక్కింపనివానికి తప్పిపోయిన గొఱ్ఱె సంగతి తెలియదు. సహకార సంఘమునకు సభ్యుల జాబితా అట్టిది.

పూర్వము ఈ జాబితా సంఘపు బీరువాలోని పుస్తకమునందు మాత్రమే యుండెడిది. 2022వ సంవత్సరమున కేంద్ర ప్రభుత్వము 63,000 ప్రాథమిక వ్యవసాయ సహకార సంఘములలో కంప్యూటర్లను నెలకొల్పు పథకమును ఆమోదించినది. నేడు పలు సంఘములు విత్తనముల రాక, అప్పు వాయిదాలు, బీమా గడువులు మొదలగు సమాచారములను ఈ-మెయిలు ద్వారా పంపుచున్నవి. కావున సభ్యుల మెయిలు విలాసముల జాబితా సంఘమునకు రెండవ పుస్తకమైనది. దానిని ఎట్లు సరిచూచుకొనవలయునో ఈ మాసపు పాఠములో చెప్పుదుము. ఇది గుమాస్తాలకు మాత్రమే సంబంధించిన విషయమని తలంపవలదు. జాబితాలో నున్నవి మీ పేర్లే. అది చెడినచో నష్టపోవువారును మీరే.

జాబితా పనిచేయు రీతి

చిన్న కార్యాలయపు మెయిలు సర్వరు గ్రామపు తపాలా కచ్చేరి వంటిది. వచ్చిన ఉత్తరమును చూచి, అది ఎవరికి చేరవలెనో నిర్ణయించి పంపును. "సభ్యులు" అను ఒక్క విలాసమునకు కార్యదర్శి ఉత్తరము వ్రాసినచో, సర్వరు తనయొద్దనున్న పట్టీని తెఱచి, ఆ పేరు క్రింద వ్రాసియున్న విలాసములన్నిటికిని ఒక్కొక్క ప్రతిని పంపును. ఇట్టి ఉమ్మడి పేరును ఏలియాస్ అందురు.

1998లో వెలువడిన పోస్ట్‌ఫిక్స్ అను సాధనము చిన్న కార్యాలయముల సర్వర్లలో విశేషముగా వాడుకలో నున్నది. దానియందు ఈ పట్టీ ఏలియాసెస్ అను ఫైలులో నుండును. ఎడమవైపున జాబితా పేరు, దాని ప్రక్క రెండు చుక్కలు, కుడివైపున విలాసములు, ఒక్కొక్కదానికి నడుమ కామా: ఇంతే దాని స్వరూపము. చదువ నేర్చినవాడెవడైనను దానిని చూచి గ్రహింపవచ్చును.

అయితే ఇచట ముఖ్యమైన సంగతి యొకటి కలదు. సర్వరు ఉత్తరములను పంపునపుడు మనము వ్రాసిన ఫైలును చదువదు. త్వరగా వెదకుటకై ఆ ఫైలునుండి తయారుచేసికొన్న వేఱొక ప్రతిని చదువును. మనము ఫైలులో మార్పు చేసిన పిమ్మట న్యూఏలియాసెస్ అను ఆజ్ఞ నిచ్చినగాని ఆ రెండవ ప్రతి మాఱదు. ఆజ్ఞ ఈయకున్నచో క్రొత్త పట్టీ ఫైలులో నుండును, పాత పట్టీ పనిచేయుచుండును. పట్టాదారు చనిపోయిన పిమ్మట కొడుకులు కాగితము వ్రాసికొని పెట్టెలో దాచుకొన్నంత మాత్రమున అడంగలులో పేరు మాఱునా? ఇదియు నట్లే.

ఒక సంఘమున జరిగిన సంగతి

ఈ చిన్న ఆజ్ఞను మఱచుటవలన ఎంత నష్టము గలుగునో మేము కన్నులార చూచితిమి. ఒక సంఘమున ఆ సంవత్సరము ప్రక్క శివారు గ్రామమునుండి కొందఱు రైతులు క్రొత్తగా సభ్యులైరి. గుమాస్తా వారి విలాసములను అడిగి తెలిసికొని, ఏలియాసెస్ ఫైలులో తప్పు లేకుండ వ్రాసెను. కోతలు జరిగి పనలు పొలములలో ఆరుచుండగా ఒక రాత్రి అకాల వర్షము కురిసెను.

ప్రధానమంత్రి ఫసల్ బీమా పథకము క్రింద, కోసి ఆరవేసిన పంటకు ఇట్లు నష్టము గలిగినచో 72 గంటలలోగా తెలియజేయవలయునని నియమము. కార్యదర్శి ఆలస్యము చేయలేదు. మఱునాటి ఉదయముననే ఏమి చేయవలయునో వివరించి "సభ్యులు" విలాసమునకు ఉత్తరము పంపెను. పాత సభ్యులకు అది అందినది. వారు గడువులోగా తెలియజేసిరి. శివారు గ్రామమువారికి అందలేదు. వారు అయిదవ దినమున వేఱు పనిమీద సంఘమునకు వచ్చినపుడు గాని సంగతి బయటపడలేదు. అప్పటికి గడువు మీఱిపోయెను. మేము ఆ పొలములకు పోయి చూచితిమి. వెన్నులమీదనే గింజలు మొలకెత్తియుండెను.

"మమ్ము చేర్చుకొనలేదా?" యని వారు అడిగిరి. గుమాస్తా ఫైలును తెఱచి చూపెను. పేర్లన్నియు నున్నవి. పిమ్మట సర్వరు దినచిట్టాను తెఱచి చూడగా, తాను చదువుచున్న ప్రతి మూలపు ఫైలుకంటె పాతదని హెచ్చరిక వ్రాసియుండెను. యంత్రము చెప్పుచునే యున్నది. వినువారు లేకపోయిరి.

గుమాస్తాదే తప్పని కొందఱనిరి. మా యభిప్రాయము అది కాదు. పట్టీలో పేరు వ్రాయుట ఒకరి పనిగా ఏర్పాటైనది. ఆ పేరుగలవానికి ఉత్తరము చేరినదా యని విచారించుట ఎవరి పనిగాను ఏర్పాటు కాలేదు. విత్తనము చల్లినవాడు మొలక వచ్చినదా యని చూడక యింట కూర్చుండునా? జాబితా విషయమునను అంతే. ఫైలులో వ్రాసినపుడు మార్పు పూర్తి కాదు. ఆ సభ్యుని చేతికి ఉత్తరము అందినపుడే పూర్తియగును.

మార్పు చేయవలసిన క్రమము

ఏ జాబితాయందైనను మూడే పనులు: చేర్పు, తుడుపు, మార్పు. వీనిని ఈ క్రిందివిధముగ చేయవలయును.

1. నోటిమాటమీద మార్పు చేయరాదు. సభ్యుడు వ్రాసి యిచ్చిన చీటీని ఆధారముగా గైకొని, దానిని కట్టలో భద్రపఱుపవలయును.

2. మార్పునకు ముందు పాత ఫైలునకు నకలు తీసి, దానికి తేదీ పెట్టి యుంచవలయును. పొరపాటున ఒక వరుస చెడినచో తిరిగి తెచ్చుకొనుటకు ఇది యాధారము.

3. మార్పు చేసిన తేదీని, చేసినవారి పేరును ఫైలులోనే వ్రాయవచ్చును. హ్యాష్ గుర్తుతో మొదలగు పంక్తిని సర్వరు లెక్కింపదు. అది మనుష్యులు చదువుకొనుటకే.

4. ఫైలును భద్రపఱచిన వెంటనే న్యూఏలియాసెస్ ఆజ్ఞ నీయవలయును. కొన్ని కార్యాలయములలో ఈ పని తెరమీద కనబడు బొత్తాముతో జరుగును. అచట ఆ బొత్తామును నొక్కినగాని మార్పు నిలువదు.

5. జాబితాకు ఒక పరీక్షోత్తరము పంపి, క్రొత్తగా చేరినవారికి ఫోను చేసి "అందినదా?" యని అడుగవలయును. అందినదన్న పిమ్మటనే చీటీమీద "పూర్తి" అని వ్రాయవలయును.

పెద్ద జాబితాలకు వేఱొక సదుపాయము కలదు. విలాసములను ప్రత్యేకమైన ఫైలులో వ్రాసి, ఏలియాసెస్ ఫైలునుండి ఇన్‌క్లూడ్ అను మాటతో దానిని చూపవచ్చును. ఆ ప్రత్యేక ఫైలును సర్వరు ఉత్తరము పంపు ప్రతిసారియు చదివికొనును. అందుచేత దానిలో మార్పు చేసినపుడు ఆజ్ఞ యీయ నవసరములేదు. పైన చెప్పిన సంఘమువారు ఇప్పుడు ఈ పద్ధతినే యవలంబించియున్నారు. అయినను పరీక్షోత్తరమును మాత్రము మానలేదు.

మఱియొక జాగ్రత్త. గుమాస్తా తన కంప్యూటరునందో ఫోనునందో తన సౌకర్యముకొఱకు వేఱొక జాబితా నుంచుకొనుట కలదు. సర్వరులో చేసిన మార్పు ఆ జాబితాకు చేరదు. ఒకే పొలమునకు ఇద్దఱు రెండు హద్దుపటములు చూపినట్లగును. జాబితా ఒక్కచోటనే యుండవలయును. అందఱును అచటినుండియే వాడవలయును.

తిరిగివచ్చిన ఉత్తరములు

తపాలావాడు "ఈ విలాసమున లేరు" అని ఉత్తరమును తిప్పి పంపినట్లే సర్వర్లును పంపును. అట్టి ఉత్తరములో నుండు సంఖ్యను చూడవలయును. 4తో మొదలగునది తాత్కాలికమైన అడ్డంకి. సర్వరు మరల మరల ప్రయత్నించును. వేఱు నిర్ణయము చేయకున్నచో పోస్ట్‌ఫిక్స్ అయిదు దినములవఱకు ప్రయత్నించి పిమ్మట మానుకొనును. 5తో మొదలగునది శాశ్వతమైన నిరాకరణము. 550 అను సంఖ్య వచ్చినపుడు చాలవఱకు అట్టి విలాసము లేదని యర్థము. అయినను దాని ప్రక్కనున్న మాటలను గూడ చదివి, సభ్యుని విచారించిన పిమ్మటనే తుడుపవలయును. ఒక అక్షరము తప్పుపడినను ఇదే సంఖ్య వచ్చును.

ఈ తిరుగుటపాలు ఎవరికి చేరవలెనో ముందుగనే నిర్ణయింపవచ్చును. జాబితా పేరునకు ముందు "ఓనర్" అను మాటను, చిన్న అడ్డగీతను చేర్చి మఱియొక ఏలియాస్ ఏర్పఱచినచో, అవి ఆ జాబితాను కాచువానికి చేరును.

వాడని విలాసములు గూడ శాశ్వతముగ నిలువవు. రెండు సంవత్సరములు వాడుకలో లేని వ్యక్తిగత ఖాతాలను తొలగింపవచ్చునని గూగుల్ సంస్థ 2023లో ప్రకటించి, ఆ డిసెంబరునుండి అమలులో పెట్టినది. యాహూ సంస్థ 2013లో, విడువబడిన పేర్లను కోరిన యితరులకు ఇచ్చినది. కావున తుడుపని పాత విలాసము వట్టి చెత్త మాత్రమే కాదు. మన ఉత్తరము ఎఱుగనివాని చేతిలో పడుటకును అవకాశము కలదు.

పదవికి వేఱు, మనిషికి వేఱు

కార్యదర్శి మాఱును, పదవి నిలుచును. కావున "కార్యదర్శి", "లెక్కలు", "విత్తనములు" అను పేర్లతో ఏలియాసులు ఏర్పఱచి, అవి ఇప్పుడా పని చూచువారికి చేరునట్లు చేయవలయును. పదవి మాఱిన దినముననే, తాళపుచెవులు అప్పగించునపుడే, ఏలియాసును గూడ మార్పవలయును. ఇది మఱచినచో, పదవి విడిచిన మనిషికి సభ్యుల అప్పుల వివరములు నెలలతరబడి చేరుచుండును. అతడు ఎంత మంచివాడైనను అది తగదు. "పోస్ట్‌మాస్టర్" అను విలాసమును మాత్రము ప్రతి మెయిలు సర్వరునందును ఉంచితీరవలయునని అంతర్జాతీయ నియమము. అది బ్రతికియున్న మనిషికి చేరుచున్నదా యని అప్పుడప్పుడు చూడవలయును.

గుట్టు కాపాడుట

సభ్యుని విలాసము సంఘమునకు అప్పగించిన సొమ్మువంటిది. అందఱి విలాసములను ఉత్తరముపైన వరుసగా కనబడునట్లు వ్రాసి పంపరాదు. ఏలియాసునకు పంపినచో ఒక్క పేరే కనబడును. "సభ్యులు" జాబితాకు ఉత్తరము పంపు హక్కు కార్యదర్శికిని మఱి యొకరిద్దఱికిని మాత్రమే యుండునట్లు సర్వరును నడుపువానిచేత కట్టుదిట్టము చేయింపవలయును. లేనిచో ఆ పేరు తెలిసిన మోసగాడు ఒక్క ఉత్తరముతో సభ్యులందఱిని చేరగలడు. 2023వ సంవత్సరపు డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టము, తన వివరములను సరిదిద్దించుకొను హక్కును, తుడిపించుకొను హక్కును వ్యక్తికి ఇచ్చినది. కావున సభ్యుడు అడిగినపుడు విసుగుకొనుట కూడదు.

సభ్యులు చేయవలసినది

విలాసము మాఱినచో ఆ వారములోనే వ్రాసి యీయుడు. పిల్లవాని విలాసము నిచ్చియున్నవారు, వాడు పట్టణమునకు పోయినపుడు సంగతి తెలియజేయుడు. సభ్యుడు చనిపోయినచో వారసులు పాలు మార్పించుకొనుటతోబాటు ఈ జాబితాలోని పేరును గూడ మార్పించుకొనవలయును. మెయిలు లేనివారు సిగ్గుపడ నవసరము లేదు. వారి పేర్లను వేఱు పట్టీలో వ్రాసి, ఫోను చేయుటయో కబురు పంపుటయో సంఘముయొక్క విధి. ఏ ముఖ్య సమాచారమునైనను మెయిలుతోబాటు సంఘపు పలకమీద గూడ వ్రాయించుడు.

పూర్వము ఏటేటా జమాబందీ జరిగి గ్రామ లెక్కలన్నియు తనిఖీ యగుచుండెడివి. మన జాబితాకును అట్టి జమాబందీ అవసరము. సార్వా నాట్లకు ముందొకమాఱు, కోతలకు ముందొకమాఱు పాలకవర్గమువారు కూర్చుండి, సభ్యుల పుస్తకమును మెయిలు జాబితాను ప్రక్కప్రక్కన పెట్టి చదివించి, పరీక్షోత్తరము పంపించి, అందనివారి పేర్లను వ్రాయింపవలయును. దీనికి ఒక పూట చాలును. రాబోవు మహాజనసభలో మీ సంఘపు కార్యదర్శిని ఒక్క ప్రశ్న అడుగుడు: "కడపటి పరీక్షోత్తరము ఎన్నడు పంపితిరి? అది ఎందఱికి అందినది?" సమాధానము వెంటనే వచ్చినచో మీ సంఘము మెలకువతో నున్నదని నమ్మవచ్చును.