ఉత్తరమును, దాని కవరును

మన పాఠశాల ప్రకటనలు, పరీక్షల పట్టికలు, తల్లిదండ్రులతోడి యుత్తరప్రత్యుత్తరములు నేడు చాలవఱకు వాట్సాపు ద్వారా జరుగుచున్నవి. పదవ తరగతి పిల్లవాడును, పొలమునకు బోవు అతని తండ్రియు, దూరదేశమందు కొలువుచేయు అన్నయు దానినే వాడుచున్నారు. ఇంతగా మన యిండ్లలో ప్రవేశించిన సాధనమును గూర్చి యొక పాఠము వ్రాయుట యుచితమని తలంచితిమి. "మాస్టరుగారూ, మేము వ్రాసికొను మాటలను ఆ కంపెనీవారు చదువుదురా?" అని పిల్లలు మమ్ము తఱచుగా నడుగుచుందురు. చదువరు. ఈ సంగతిని మొదటనే స్పష్టముగా చెప్పుట న్యాయము. అంతటితో సందేహము తీరిపోయినదని యెంచువారికొఱకే మేమీ పాఠమును వ్రాయుచున్నాము.

2016 ఏప్రిలు నెల మొదలుకొని వాట్సాపులోని వ్యక్తిగత సందేశము పంపువాని ఫోనులోనే తాళము వేయబడి, అందుకొనువాని ఫోనులో మాత్రమే తెఱవబడుచున్నది. నడుమ దానిని మోయు కంపెనీ యంత్రములయొద్ద తాళపుచెవి యుండదు. అందుకొన్నవారు ఫిర్యాదు చేసి తామే పంపిన సందేశముల సంగతి వేఱు. పూర్వము రాజులు లక్కముద్ర వేసి పంపిన జాబులకంటె నిది గట్టిది. లక్కను వేడిచేసి యూడదీయవచ్చును గాని, గణితశాస్త్రముపై గట్టిన యీ తాళమును నడుమ నున్నవారు ఊడదీయజాలరు. ఒక్క జాగ్రత్త కలదు. ఫోను పోయినప్పుడు పనికివచ్చునని సందేశముల నకలును గూగులువారి యంత్రములలోనో ఆపిలువారి యంత్రములలోనో దాచుకొనుట పలువురకు అలవాటు. ఆ నకలునకు గూడ తాళము వేసికొను వసతి 2021 అక్టోబరులో కల్పింపబడెను. దానిని మనమే వెదకి పెట్టుకొనవలెను.

ఇక కవరు మాట. తరగతిలో ఈ యభ్యాసమును చేయింపవచ్చును. ఒక యింటికి నెలదినములలో వచ్చిన కవరులను తెఱవకుండ బల్లపై వరుసగా పేర్చినారనుకొనుడు. మొదటి వారమున పెద్దాసుపత్రి ముద్రతో నొకటి. మూడుదినములకు రక్తపరీక్షలు చేయువారినుండి మఱియొకటి. అటుపిమ్మట జీవితబీమా ఆఫీసునుండి. ఆపైని బంగారముమీద అప్పులిచ్చు బ్యాంకునుండి రెండు. నెలాఖరున, ఏడాదికొక్క జాబైనను వ్రాయని కూతురునుండి వరుసగా నాలుగు. ఒక్క కవరునైనను చింపనక్కఱలేదు. ఆ యింట నేమి జరుగుచున్నదో ఎనిమిదవ తరగతి పిల్లవాడు చెప్పగలడు.

పండితులును ఇట్టి పరీక్ష చేసియున్నారు. అమెరికాలోని స్టాన్‌ఫర్డు విశ్వవిద్యాలయమువారు 2016లో ప్రకటించిన పరిశోధనకొఱకు 823 మంది తమంతట తాము తమ టెలిఫోను పట్టీలను ఇచ్చిరి. ఎవరితో, ఎప్పుడు, ఎంతసేపు అనునవే గాని మాటలు వానిలో లేవు. వారిలో నొకరికి హృద్రోగ వైద్యులనుండి దీర్ఘమైన పిలుపు వచ్చినది. ప్రయోగశాలతో కొంచెము సంభాషణ జరిగినది. మందుల దుకాణమునుండి పిలుపులు వచ్చినవి. గుండె లయను కనిపెట్టు యంత్రమును గూర్చిన టెలిఫోను నంబరునకు ఆ మనుష్యుడే పిలుపులు చేసియున్నాడు. ఆ వ్యాధి యెట్టిదో చెప్పుటకు నాడి పట్టి చూడవలసిన పని యున్నదా?

వాట్సాపు కవరుపై నేమి వ్రాయబడియుండునో కంపెనీవారి నియమావళియందే కలదు: మన ఫోను నంబరు, ఫోను ఏ రకమైనదో, ఇంటర్నెట్టులోనికి ఏ దారిని వచ్చినదో, దానినిబట్టి సుమారుగా ఏ ప్రాంతమందున్నదో, ఎప్పుడు తెఱచితిమో, ఏయే గుంపులలో నున్నామో. ఇవిగాక, మనము అనుమతించినయెడల, మన ఫోనులో దాచుకొన్న పరులందఱి నంబరులు. ఇక్కడ కొంచెము నిలువవలెను. ఆ నంబరులు మనవి కావు. వాట్సాపును కన్నెత్తి చూడని నాయనమ్మది యొకటి, ఊరి వైద్యునిది యొకటి, ఎన్నడో బావి త్రవ్వినవానిది యొకటి. మన వ్రేలు "అంగీకరించితిని" అను మాటపై పడినంతనే వారి పక్షమునను మనము అంగీకరించినవార మగుచున్నాము. వాట్సాపు లేనివారి నంబరులను రూపు మార్చి దాచెదమని కంపెనీవారు చెప్పుదురు. అయినను, వాడువారికిని వాడనివారికిని సంగతులను తేటగా తెలుపలేదని ఐర్లండు దేశపు అధికారులు 2021 సెప్టెంబరులో ఆ కంపెనీకి 22 కోట్ల 50 లక్షల యూరోల జుల్మానా విధించిరి.

ఇప్పుడొక లెక్క చేయుదము. ఫేసుబుక్కువారు 2014 ఫిబ్రవరిలో వాట్సాపును 1,900 కోట్ల డాలర్లకు కొనుచున్నామని ప్రకటించిరి. అప్పటికి దానిని వాడువారు సుమారు 45 కోట్లమంది. కంపెనీలో పనిచేయువారు 55 మంది. భాగహారము చేసినయెడల తలకు 42 డాలర్లు పడును. అప్పటి చందా, మొదటి సంవత్సరము గడచిన పిదప, ఏడాదికొక డాలరు. అనగా ప్రతివాడును తప్పక చెల్లించినను అసలు రాబట్టుటకు 42 ఏండ్లు పట్టును. పోనీ అట్లైనను వసూలు చేసిరా? 2016 జనవరిలో ఆ డాలరును సైతము తీసివేసిరి. మన యూరి షావుకారు ఇట్టి బేరము చేసినయెడల, అతడు మతి చెడినవాడని యెవరు ననుకొనరు. సొమ్ము వేఱొక త్రోవను రావలసియున్నదని యనుకొందురు.

ఆ త్రోవ మెల్లమెల్లగా కనబడెను. వాట్సాపు స్థాపకులలో నొకడైన జాన్ కూమ్ సోవియట్ పాలనలోని ఉక్రెయిన్‌లో, టెలిఫోనులో మాటలాడుటకు జనులు జంకెడి కాలమున పెరిగినవాడు. అమ్మకపు సమయమున, జనుల గుట్టు విషయములో ఏమియు మారబోదని అతడు మాట యిచ్చెను. 2016 ఆగస్టులో నియమావళి మారెను: ఫోను నంబరులు ఫేసుబుక్కునకు అందింపబడుననియు, తమ వివరములను ప్రకటనలకై వాడుట కిష్టపడనివారు 30 దినములలో చెప్పుకొనవలెననియు ప్రకటించిరి. రెండు కంపెనీల ఖాతాలను జతపఱచుట నమ్మకముగా జరుగు పని కాదని 2014లో యూరపు కమిషనుతో ఫేసుబుక్కువారు చెప్పియుండిరి. ఆ సాధ్యము అప్పటికే కలదని తేలినందున 2017 మే నెలలో కమిషను వారికి 11 కోట్ల యూరోల జుల్మానా వేసెను. స్థాపకులలో ఆక్టన్ 2017లోను, కూమ్ 2018లోను కంపెనీని విడిచిరి. 2025 జూనులో వాట్సాపునందు వ్యాపార ప్రకటనలు చూపబడునని ప్రకటన వచ్చెను. కూమ్ మనఃపూర్వకముగానే మాట యిచ్చెనని మేము నమ్ముచున్నాము. అమ్మివేసిన యింటిని గూర్చి పూర్వపు యజమానుడిచ్చిన మాటకు బలమెంతయో ఆలోచింపుడు.

2021 జనవరిలో మఱియొక నియమావళి వచ్చెను. ఫిబ్రవరి 8లోగా అంగీకరింపవలెను. వలదనుటకు ఈసారి దారి చూపలేదు. పిమ్మట గడువును మే 15కు మార్చిరి. కంపెనీవారు మన మాటలను చదువబోవుచున్నారని దేశమంతట వదంతి పుట్టెను. అది తప్పు. ఆ వదంతిని విని పలువురు టెలిగ్రామునకు పరుగెత్తిరి. తమాషా యేమనగా, టెలిగ్రాములోని సాధారణ సంభాషణలకు వాట్సాపు తాళమువంటి తాళము పడదు; అవి ఆ కంపెనీ యంత్రములందే నిలువయుండును. ముద్ర వేసిన కవరును కోపముతో పాఱవేసి పోస్టుకార్డు కొనితెచ్చుకొన్నట్లాయెను. ఉత్తరమేదో కవరేదో యెఱుగకపోవుటవలన ఇట్టి పొరపాటు కలిగినది.

ఆ బలవంతపు అంగీకారమును విచారించి, భారత కాంపిటీషన్ కమిషను 2024 నవంబరు 18న, మెటా యని పేరు మార్చుకొన్న ఆ యజమాని కంపెనీకి 213 కోట్ల 14 లక్షల రూపాయల జుల్మానా విధించెను. వ్యాపార ప్రకటనల నిమిత్తము వాట్సాపు వివరములను మెటావారి యితర కంపెనీలకు ఐదేండ్లపాటు ఇయ్యరాదనియు ఆజ్ఞాపించెను. 2025 నవంబరులో అప్పీలు విన్న ట్రిబ్యునలు జుల్మానాను నిలిపి, ఐదేండ్ల నిషేధమును కొట్టివేసెను. 1,900 కోట్ల డాలర్లు పెట్టి కొనినవారికి ఈ రెంటిలో ఏది బరువుగా తోచునో చెప్పుట కష్టము గాదు.

కవరుపై ఇంత వ్రాయనిదే ఉత్తరము చేరదని కొందఱు వాదింతురు. సిగ్నల్ అను మఱియొక సాధనమున్నది. 2016లో అమెరికాలోని యొక న్యాయస్థానమునుండి, వాడుకదారుని గూర్చి తెలిసినదంతయు ఇయ్యవలసినదని దాని నిర్వాహకులకు తాఖీదు వచ్చెను. వారియొద్ద నుండినవి రెండే: ఖాతా తెఱచిన సమయమును, కడపట వాడిన దినమును. దాచనిదానిని ఎవరును అడిగి పుచ్చుకొనలేరు గదా. పైని చెప్పిన ఆక్టన్ 2018లో ఆ సిగ్నలు సంస్థకే 5 కోట్ల డాలర్ల ధనమిచ్చెను.

తల్లిదండ్రులు చేయదగిన చిన్న పనులు కలవు. నకలునకు తాళము వేసికొనవచ్చును. నంబరుల పుస్తకమును చూపు అనుమతిని ఫోను ఏర్పాటులలో తీసివేయవచ్చును. సందేశములు అప్పటికిని నడచును, పేరులకు మాఱు నంబరులు కనబడును. తరగతి గుంపులో చేరిన ప్రతి తల్లి నంబరును తక్కినవారందఱికి కనబడునని, చేర్చుటకు ముందే ఆమెకు చెప్పుట మర్యాద.

చట్టము మాట కొంచెము చెప్పి ముగింతుము. గుట్టు కాపాడుకొనుట పౌరుని ప్రాథమిక హక్కని సుప్రీముకోర్టులో తొమ్మండుగురు న్యాయమూర్తులు 2017 ఆగస్టు 24న ఏకగ్రీవముగా తీర్పు చెప్పిరి. దానిపై 2023లో చట్టము వచ్చెను. 18 ఏండ్లు నిండని పిల్లల వివరములు పుచ్చుకొనుటకు తల్లిదండ్రుల నిశ్చయమైన అనుమతి కావలెననియు, వారి నడవడిని వెంబడించి కనిపెట్టరాదనియు, వారిని గుఱిచేసి వ్యాపార ప్రకటనలు చూపరాదనియు దానిలో కలదు. నియమములు 2025 నవంబరులో వెలువడెను; ముఖ్యమైన విధులు అప్పటినుండి 18 నెలలకు, అనగా 2027 మే నెలకు, అమలులోనికి వచ్చునని వానియందే వ్రాయబడినది. ఈ నియమములు వెలువడినప్పుడు మన పదవ తరగతిలో నుండిన పిల్లలు అప్పటికి కాలేజీలో నుందురు. కొందఱికి 18 ఏండ్లు సమీపించును.