లైఫ్ జాకెట్: గాలి నింపేది గుమ్మం దగ్గరే

హైదరాబాద్ నుంచి పోర్ట్ బ్లెయిర్ వెళ్లే విమానం తీరం దాటాక కింద బంగాళాఖాతమే. తీరానికి 50 నాటికల్ మైళ్లకు, అంటే సుమారు 93 కిలోమీటర్లకు మించి సముద్రం మీద ఎగిరే విమానంలో ప్రతి ఒక్కరికీ లైఫ్ జాకెట్ ఉండాలన్నది అంతర్జాతీయ నియమం. వేసుకోవడం తేలికే, వరస తప్పితేనే ముప్పు.

1. కూర్చోగానే: జాకెట్ ఎక్కువగా సీటు కిందే ఉంటుంది. ఎక్కడుందో తడిమి చూసుకోండి, బయటికి తీయకండి. ఒళ్లో పసిబిడ్డ ఉంటే చిన్నపిల్లల జాకెట్ సంగతి సిబ్బందిని అడగండి. తలుపు ఎన్ని వరసల అవతల ఉందో లెక్కపెట్టుకోండి. పొగ కమ్మితే సీట్లు తడుముకుంటూ వెళ్లాలి.

2. సిబ్బంది చెప్పగానే: సంచి చించి, జాకెట్‌ను తల మీదుగా వేసుకోండి. పట్టీని నడుము చుట్టూ తిప్పి, ముందు బకిల్ పెట్టి, కొస లాగి బిగించండి. వదులుగా ఉంటే నీళ్లలో జాకెట్ పైకి జారి మొహానికి అడ్డం పడుతుంది.

3. నీటి మీద దిగేటప్పుడు: సీటు బెల్టు బిగించి, చెప్పినట్టు ముందుకు వంగండి. విమానం నీటిని ఒకటికి రెండుసార్లు తాకొచ్చు. విమానం పూర్తిగా ఆగేదాకా లేవకండి.

4. గుమ్మం దగ్గర: ఇప్పుడే ఎర్ర పిడి లాగాలి. లాగగానే చిన్న సిలిండర్‌లోని కార్బన్ డయాక్సైడ్ జాకెట్‌ను ఉబ్బిస్తుంది. లోపలే లాగితే, క్యాబిన్‌లోకి నీరు చేరినప్పుడు జాకెట్ మనిషిని పైకప్పుకు తేల్చేస్తుంది. మునిగి తలుపు దాకా ఈదడం కుదరదు. 1996 నవంబర్‌లో కొమొరోస్ తీరంలో కూలిన ఇథియోపియన్ విమానంలో కొందరు అలాగే లోపల చిక్కుకుపోయారు.

5. గాలి చాలకపోతే: భుజం దగ్గరున్న గొట్టంలో నోటితో ఊదండి. నీరు తగిలితే జాకెట్ మీది దీపం దానంతటదే వెలుగుతుంది. ఈల ఊది పిలవండి.

6. బయట: సామాను వదిలేయండి. పెద్ద విమానాల్లో తలుపు దగ్గరి జారుడు బల్లే తెప్పగా పనికొస్తుంది. అది అందకపోతే నలుగురూ దగ్గరగా చేరండి. ఒంటి వేడి తొందరగా పోదు, వెతికేవారికీ కనిపిస్తారు.

2009లో న్యూయార్క్ హడ్సన్ నదిలో దిగిన విమానంలో చాలామంది జాకెట్ లేకుండానే బయటికొచ్చారు. పడవలు నిమిషాల్లో రావడంతో 155 మందీ బతికారు. నడిసముద్రంలో పడవలు అంత త్వరగా రావు. ఈసారి ఎయిర్ హోస్టెస్ జాకెట్ చూపిస్తున్నప్పుడు ఫోన్ పక్కన పెట్టి చూడండి.