నీటివార్తను చదువు విధము

వాగులో చేపలు చచ్చి తేలినవన్న వార్త పత్రికలో కనబడినప్పుడు మనము "అయ్యో" యని పుట త్రిప్పుదుము. అట్టి వార్త చట్టమగుటకు ఏమేమి కావలెనో విచారించువారు కొలదిమంది. పటాన్‌చెరు కథ యందుకు మంచి పాఠము. ఆ యూరు హైదరాబాదు చెంతనున్నను మనకు బొత్తిగా పరాయిది కాదు. అచ్చటి నక్కవాగు మంజీరలో పడును. మంజీర కందకుర్తి కడ గోదావరిలో కలియును. ఆ గోదావరియే బాసర మీదుగా మన పాత ఆదిలాబాదు జిల్లా దక్షిణపుటంచున పాఱును.

అచ్చట మందుల కర్మాగారములు వెలసిన పిదప బావులు, పొలములు చెడుచున్నవని రైతులు ఏండ్లతరబడి మొఱపెట్టుకొనిరి. 1990లో వ్యాజ్యము సుప్రీంకోర్టున కెక్కెను. పత్రికలును రంగుమాఱిన నీటిని, దుర్గంధమును వర్ణించినవి. అయితే వర్ణనకు బదులు చెప్పుట సులభము. "అది మా నీరు కాదు" అనిన చాలును. కొలతకు అట్లు బదులు చెప్పరాదు.

ఆ కొలతను 2007లో స్వీడన్ దేశపు శాస్త్రజ్ఞులు ప్రకటించిరి. దాదాపు 90 మందుల కర్మాగారముల మురుగును శుద్ధిచేయు కేంద్రమునుండి వెలువడిన నీటిలో సిప్రోఫ్లాక్సాసిన్ అను మందు లీటరునకు 31 మిల్లీగ్రాముల వరకు నుండెను. ఆ మందు మ్రింగిన రోగి రక్తములో సయితము అంత యుండదు. ఒక్క దినమున పోవునది సుమారు 45 కిలోలు. స్వీడన్ దేశమంతయు ఐదు దినములలో వాడునంత! ఇట్టి నీటిలో బ్రదుకనేర్చిన సూక్ష్మజీవులు మందునకు లొంగవు, అదియే భయము. 2009లో అసోసియేటెడ్ ప్రెస్ అను అమెరికా వార్తాసంస్థ దీనిని లోకమంతట చాటెను. శాస్త్రపత్రికలో నున్న అంకె అప్పుడు అంగడివీధికి వచ్చినది.

2020 జనవరిలో కేంద్ర పర్యావరణ శాఖ, మందుల కర్మాగారముల మురుగునీటిలో యాంటీబయోటిక్కులకు హద్దులు నిర్ణయించుచు ముసాయిదా ప్రకటించెను. ఇది పత్రికల వలననే యనుట అతిశయోక్తి. రైతుల వ్యాజ్యము, శాస్త్రజ్ఞుల కొలత లేనిచో పత్రిక యేమి వ్రాయగలదు? కాని 2021లో వెలువడిన తుది నియమములలో ఆ హద్దులు లేవు! ముసాయిదా నాటి వార్తను కత్తిరించి దాచుకొన్న విద్యార్థి తుది నియమముల వార్తను చదువనిచో, హద్దులున్నవనియే నేటికిని నమ్ముచుండును. కావుననే మేము తరగతిలో పత్రికను చదివించునప్పుడు మొదటివార్తకంటె రెండవవార్తను వెదకుడని చెప్పుదుము.

ఇక మన జైనూరు సంగతి. మన కొండగూడెములలో భయము వేఱు. వానకాలమున మురికినీరు బావిలోనికి, చెలమలోనికి దిగి వాంతులు, విరేచనములు పుట్టును. జిల్లాపుటలో రోగుల సంఖ్య వచ్చును. వారు ఏ బావినీరు త్రాగిరి, దానిని పరీక్షించిరా, ఫలితమేమి యనునవి తఱచుగా నుండవు. వానిని అడుగుచు సంపాదకునకు ఉత్తరము వ్రాయుట విద్యార్థులకును చేతనగు పనియే. బావి యెచ్చటిది, రోగము తోచినది ఏ తేదిని, బ్లీచింగు పొడి వేసినది ఏ తేదిని, ఇవి వ్రాయుడు, విశేషణములు మానుడు. నీటి నమూనాను మరగించి శుద్ధిచేసిన సీసాలో పట్టి, చల్లగా నుంచి, 24 గంటలలోపల పరీక్షాలయమునకు చేర్చవలెను. వాగు పొంగి త్రోవ తెగిన దినములలో మన గూడెములనుండి అది సాధ్యమా యని కూడ ఆ యుత్తరములోనే అడుగుడు.