చివరి ప్రశ్న

ప్రశ్న కూర్చడం కూడా ఒక విద్యే. టెలివిజన్ క్విజ్‌లో చివరి ప్రశ్న కూర్చేవారికి ఆ విద్య మరింత అవసరం. ఎవరికీ తెలియని సంగతి అడిగితే పోటీ జూదమవుతుంది. అందరికీ తెలిసినదైతే కోటి రూపాయలకు విలువ ఉండదు. చదువుకొన్నవాడు ఎప్పుడో ఒకసారి చూసి, ముఖ్యం కాదని పుట తిప్పేసిన విషయమే ఆ స్థానానికి తగినది.

బ్రిటన్‌లో 1998లో మొదలైన ఒక కార్యక్రమం ఆధారంగా, అమితాబ్ బచ్చన్ నిర్వహణలో 'కౌన్ బనేగా కరోడ్‌పతి' 2000 జూలై 3న ప్రారంభమైంది. అప్పటి నియమం ప్రకారం ప్రశ్నలు పదిహేను. పద్నాలుగింటికి సరిగా సమాధానం చెప్పినవారు యాభై లక్షలు తీసుకొని వెళ్ళిపోవచ్చు. పదిహేనవదానికి సాహసించి తప్పితే మిగిలేది 3,20,000 రూపాయలే. తరగతి పరీక్షలో తప్పు రాస్తే ఆ మార్కు రాదు, అంతే. ఇక్కడ వచ్చినది కూడా చేజారుతుంది. 'తెలుసు' అనడానికీ 'తెలుసనుకొంటున్నాను' అనడానికీ ఎంత దూరమో పోటీదారుకు ఆ క్షణంలోనే బోధపడుతుంది.

ఆ ఏడాదే హర్షవర్ధన్ నవాథే అనే యువకుడు తొలి కోటి గెలుచుకొన్నాడు. అప్పుడతడు సివిల్ సర్వీసు పరీక్షలకు చదువుతున్నాడు. పార్లమెంటు సభా కార్యక్రమాలలో పాల్గొనేందుకు రాజ్యాంగం ఎవరిని అనుమతిస్తుందన్నది ప్రశ్న. అటార్నీ జనరల్ అన్నది సమాధానం. 88వ అధికరణం ప్రకారం ఆయన సభలో మాట్లాడవచ్చు, ఓటు మాత్రం వేయరాదు. పౌరశాస్త్రంలో ఒక్క వాక్యం!

2011లో బీహారులోని మోతీహారికి చెందిన సుశీల్ కుమార్ అయిదు కోట్ల ప్రశ్న ముందు కూర్చొన్నాడు. నెలకు ఆరువేల జీతంతో కంప్యూటర్ ఆపరేటరుగా పనిచేస్తున్న వ్యక్తి. అప్పటికి గెలిచిన కోటిలో చాలా భాగం పోగొట్టుకొనే ప్రమాదం ఎదురుగా ఉంది. 1868లో నికోబార్ దీవుల హక్కులను బ్రిటిషువారికి అమ్మి భారతదేశంతో సంబంధం ముగించుకొన్న వలస శక్తి ఏది? బెల్జియం, ఇటలీ, డెన్మార్క్, ఫ్రాన్స్ అని నాలుగు పేర్లిచ్చారు.

గోదావరి తీరపు యానాం చరిత్ర ఎరిగిన తెలుగు విద్యార్థి ఫ్రాన్సును వెంటనే కొట్టివేయగలడు. అక్కడ ఫ్రెంచి పాలన 1954 వరకు సాగింది కదా! బెల్జియం స్వతంత్ర దేశమైనది 1830లో, ఇటలీ రాజ్యంగా ఏకమైనది 1861లో. అప్పటికే మన తీరాలలో వలసల పోటీ దాదాపు ముగిసింది. మిగిలినది డెన్మార్క్. డేన్లు 1620లోనే తమిళ తీరాన తరంగంబాడిలో కోట కట్టుకొన్నారు. దానినీ, బెంగాలులోని శ్రీరాంపూరునూ 1845లో ఆంగ్లేయులకు అమ్మివేశారు. ఇంత చరిత్ర ఉన్నా, మన పాఠాలలో పోర్చుగీసు, డచ్చి, ఫ్రెంచివారికి దక్కిన చోటు వారికి దక్కలేదు. ప్రశ్న కూర్చినవారు ఆ ఖాళీనే పట్టుకొన్నారు. డెన్మార్క్ అనే సమాధానంతో సుశీల్ కుమార్ ఆ కార్యక్రమంలో అయిదు కోట్లు గెలిచిన తొలి వ్యక్తి అయ్యాడు.

సందేహానికి తావే లేని సందర్భాలు అరుదు. 1999లో అమెరికాలో ఇదే తరహా పోటీలో చివరి ప్రశ్న రాగానే జాన్ కార్పెంటర్ తండ్రికి ఫోను కలపమన్నాడు. అది సలహా అడగడానికి ఇచ్చిన అవకాశం. కార్పెంటర్ మాత్రం, సాయం అక్కరలేదనీ, పది లక్షల డాలర్లు గెలవబోతున్నాననీ చెప్పి, ఆ తరువాతే నిక్సన్ అని సమాధానమిచ్చాడు.