షుగరు, వణుకుడు జబ్బు, మందగించే ఆలోచన

షుగరు గురించి మన వాళ్లకు కొత్తగా చెప్పాల్సింది లేదు. దేశంలో పది కోట్ల మందికి పైగా మధుమేహం ఉందని 2023లో వెలువడిన ఐసీఎంఆర్ సర్వే లెక్క తేల్చింది. ఏలూరు, కైకలూరు, ఆకివీడు ఇళ్లలో షుగరు మాత్రల డబ్బా ఉప్పు డబ్బాలాగే మామూలైపోయింది. ఈ సంచికలో మేము చెప్పదలచింది వేరు. షుగరుకు వణుకుడు జబ్బు తోడైతే పెద్దవాళ్ల ఆలోచనకు ఏమవుతుందన్నది.

ఈ జబ్బును 1817లో లండన్ వైద్యుడు జేమ్స్ పార్కిన్సన్ వర్ణించాడు. ఆయుర్వేదం కంపవాతం అంటుంది. మెదడులో డోపమిన్ తయారుచేసే కణాలు నశించి చేయి వణుకుతుంది, ఒళ్లు బిగుసుకుంటుంది, అడుగులు చిన్నవవుతాయి. ఇవి కంటికి కనబడతాయి. ఆలోచన మందగించడం అంత తొందరగా కనబడదు, ఎందుకంటే అది చాలామందిలో మతిమరుపుతో మొదలవదు. మనవడి పేరు గుర్తుంటుంది, కాని చేపల కాటా దగ్గర నలభై ఏళ్లు నోటిలెక్క చేసిన మనిషి రెండు బిల్లులు కలపలేక ఆగిపోతాడు. "అబ్బాకి వయసు మీద పడింది" అని ఇంట్లో సరిపెట్టుకుంటారు. సిడ్నీలో ఒక రోగుల బృందాన్ని 20 ఏళ్లు గమనిస్తే, అప్పటికి బతికున్నవారిలో నూటికి 83 మందికి డిమెన్షియా వచ్చింది.

షుగరు దీనికి ఎక్కడ కలుస్తుంది? బ్రిటన్‌లో 1,900 మందికి పైగా పార్కిన్సన్ రోగులను గమనించి 2022లో ప్రచురించిన అధ్యయనంలో, షుగరున్నవారికి నడక దెబ్బతినడం, ఆలోచనాశక్తి తగ్గడం మిగతావారికన్నా ఎక్కువగా కనిపించాయి. షుగరు మెదడులోని సన్నని రక్తనాళాలను పాడుచేస్తుంది. ఇన్సులిన్ మెదడు కణాలకూ అవసరమే, దానికి అవి సరిగా స్పందించకపోతే దెబ్బతింటాయని పరిశోధకుల అనుమానం. అందుకే ఎక్సెనటైడ్ అనే షుగరు ఇంజెక్షన్‌ను ఈ జబ్బుకు వాడి చూశారు. 2017లో ఆశ పుట్టింది, 2025లో వచ్చిన పెద్ద పరీక్షలో ఫలితం లేదని తేలింది. దాని కోసం ఎవరూ అప్పులు చేయవద్దు.

ఇంట్లో చూసుకోవలసినవి ఇంతకన్నా ముఖ్యం. షుగరు పడిపోయినా చేయి వణుకుతుంది, మాట తడబడుతుంది. జబ్బు ముదిరిందనుకోకుండా ముందు గ్లూకోమీటరుతో చూడండి. 70 కన్నా తక్కువుంటే వెంటనే పంచదార నీళ్లు పట్టండి. ఆలోచన మందగించిన మనిషి మాత్ర వేసుకున్న సంగతి మరచి మళ్లీ వేసుకుంటే షుగరు పడిపోతుంది. డబ్బా ఇంట్లో మరొకరి చేతిలో ఉండాలి. షుగరుతో కడుపు ఉబ్బరం, వాంతులు వస్తే కొన్నిసార్లు మెటోక్లోప్రమైడ్ రాస్తారు. అది వణుకుడు జబ్బును ఎక్కువ చేస్తుంది కనుక ఈ జబ్బుందని డాక్టరుకు ముందే చెప్పాలి. లెవోడోపా మాత్రను చేపల కూర భోజనంతో కలిపి వేసుకుంటే కొందరికి సరిగా పనిచేయదు. అరగంట ముందు వేసుకోవడం మేలు.

రంజాన్ సంగతి విడిగా చెప్పాలి. లెవోడోపా పగలు కూడా వేళకు పడాలి, హఠాత్తుగా మానితే ప్రమాదం. రోజా ఉండవద్దంటే పెద్దవాళ్లు నొచ్చుకుంటారు. జబ్బుపడినవారికి ఖురాన్‌లోనే మినహాయింపు ఉంది. ఆ మాట కొడుకులు చెబితే వినరు, ఇమాం సాహెబ్ చెబితే వింటారు. నెల ముందే ఇటు డాక్టరునూ అటు ఆయననూ కలవండి.