నూనె చూసి కొను బిడ్డా

నిజామాబాద్

బిడ్డా,

నీ ఉత్తరం అందింది. మీ నాందేడ్ ఇత్వారాలో ఎవరో పాత జుకీ కుట్టుమిషన్ 12,000కు ఇస్తామన్నారని, ఎల్లుండి బయానా ఇస్తానని రాశావు. నాలుగు రోజులు ఆగు తల్లీ. మీ బాపు ఉంటే తనే వెళ్లి చూసొచ్చేవాడు. ఆయన లేని చోట నేనున్నాను కదా.

పాతది కొనొద్దని నేననను. నా చేతి బట్టల్లో ముప్పాతిక పాత మిషన్ల మీద కుట్టినవే. కానీ రంగు కొత్తదానిలా మెరుస్తోందని రెండుసార్లు రాశావు, నూనె సంగతి ఒక్క ముక్కా రాయలేదు. రంగు ఎవరైనా వేస్తారు.

జుకీ తలమీద చిన్న గాజు కన్ను ఉంటుంది. మిషన్ నడుస్తుంటే అందులో నూనె చిమ్ముతూ కనబడాలి. కనబడకపోతే లోపల ఇనుమూ ఇనుమూ ఒరుసుకుంటున్నట్టే. తల వెనక్కి వాల్చి కింది తొట్టి చూడు. నూనె రెండు గీతల మధ్య ఉండాలి. వేలు ముంచి రెండు వేళ్ల మధ్య రుద్దు. నల్లగా, నూలు పీచుతో, ఇసుకలా తగిలితే ఆ ఇంట్లో మిషన్‌ను ఎవరూ పట్టించుకోలేదన్నమాట. లేచి వచ్చెయ్. మొహమాటపడకు, నీకు ఆ గుణం ఎక్కువ.

నాకు 22 ఏళ్లప్పుడు నాందేడ్ వజీరాబాద్‌లో కాలితో తొక్కే పాత మిషన్ ఒకటి కొన్నాను. నల్లటి ఒళ్లు, బంగారు పూలు, చూసి మురిసిపోయాను. పుష్యమాసం చలికి ఒకరోజు పొద్దున చక్రం కదల్లేదు. అమ్మినాయన ఏళ్లతరబడి కొబ్బరినూనె పోశాడట! కొబ్బరినూనె 24 డిగ్రీల కిందికి వస్తే గడ్డ కడుతుంది, పాతబడితే జిగురై పట్టేస్తుంది. మర్నాడు పెళ్లివారికి 11 జాకెట్లు ఇవ్వాలి. మీ పెద్దమ్మ కాపురానికి వచ్చి నెల కూడా కాలేదు. కోడి ఈక కిరోసిన్‌లో ముంచి ఒక్కో రంధ్రం, ఒక్కో కీలు రాత్రంతా తుడిచింది. మూడు రోజులు ఆమె చేతులకు ఆ వాసన వదల్లేదు. అన్నం కలిపి నేనే పెట్టాను.

ఆ మిషనే 2008 దాకా నడిచింది. ఆ ఏడు సిక్కుల గురుగద్దీ 300 ఏళ్ల ఉత్సవానికి నాందేడ్ నిండా జనం, వాళ్ల చోలా అంగీలు కుట్టీ కుట్టీ నా కళ్లు మండేవి గానీ అది ఒక్కరోజు మొరాయించలేదు. మిషన్ నూనె రోజూ పోసేవాణ్ణి, కొబ్బరినూనె సీసాను దుకాణం గడప దాటనివ్వలేదు. నువ్వూ దాటనివ్వకు. తలకు రాసుకుని వచ్చినా చేయి కడుక్కునే కూర్చో.

ఇక తక్కినవి. పాప్లిన్ ఒక పొర, జీన్స్ నాలుగు మడతలు నీ ఇంటినుంచే తీసుకెళ్లి కుట్టి చూడు, వాళ్ల గుడ్డ మీద కాదు. తల పాతదైనా పర్వాలేదు, మోటారు మాత్రం కొత్త సర్వో పెట్టించు. పాత క్లచ్ మోటారు నువ్వు కుట్టినా కుట్టకున్నా తిరుగుతూనే కరెంటు తాగుతుంది. ఓవర్‌లాక్ మిషన్ మాత్రం పాతది ముట్టుకోకు. దాని లూపర్లు, కత్తులు అరిగితే టైమింగ్ కుదిర్చే మెకానిక్ కోసం ఊరంతా తిరగాలి.

డబ్బుకు జంకి పాతది చూస్తున్నావేమో, ఉత్తరంలో చెప్పలేదు. 2023 సెప్టెంబరు 17న మొదలైన పీఎం విశ్వకర్మ పథకంలో దర్జీలూ ఉన్నారు. పనిముట్లకు 15,000 వరకు ఇస్తారు, తాకట్టు లేకుండా 5 శాతం వడ్డీకి మొదట లక్ష దాకా అప్పు. ఇంట్లో ఒక్కరికే. ఆధార్ తీసుకుని సేవా కేంద్రంలో అడుగు. అప్పటికీ చాలకపోతే నాకు రాయి, బయట వడ్డీకి తేకు.

రాత్రి పన్నెండు దాకా కుడుతున్నావని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. దీపం ఎడమవైపు పెట్టుకో, కంటికి శ్రమ తగ్గుతుంది. వేళకు తిను.

ఆదివారం పొద్దుటి బండికి వస్తున్నాను. ఇత్వారాకు ఇద్దరం కలిసే వెళ్దాం. పెద్దమ్మ సకినాలు కట్టిస్తోంది, నేను నూనె డబ్బా తెస్తున్నాను.

మీ పెద్దబాపు