ఖర్చు సర్కారుది, సమ్మతి ఆమెది

సర్కారు ప్రసూతి వార్డుల్లో నర్సుగా పనిచేసి రిటైరయ్యాను. కోయంబత్తూరు పీళమేడు మిల్లు ఇళ్ళ నుంచి, మదురై చుట్టుపక్కల ఊళ్ళ నుంచి వచ్చే మన తెలుగు ఆడవాళ్ళకు నేను అక్కను. ఇప్పుడు ఆ వార్డుల్లో ఉన్న నర్సు పిల్లల కోసం, మా వీధి కోడళ్ళ కోసం ఇవి రాస్తున్నాను.

1. అబార్షన్‌కు ప్రజల డబ్బెందుకు అని ఎవరన్నా నాకు జిల్లేడు పుల్లే గుర్తొస్తుంది. కడుపు పోవాలని, పాలు కారే ఆ పుల్లను లోపలికి దూర్చేవాళ్ళు. జ్వరం, చీము, కంపు. బండిలో వేసుకొచ్చేసరికి కొందరికి నాడి అందేది కాదు. బతికినవాళ్ళకు రక్తం, ఇంజెక్షన్లు, ఆపరేషన్, వారాల తరబడి మంచం. ఆ ఖర్చూ సర్కారే పెట్టింది. తొలి వారాల్లోనే వస్తే కొద్ది నిమిషాల్లో శుభ్రంగా అయిపోయే పనికి!

2. మన 1971 అబార్షన్ చట్టం సర్కారు ఆసుపత్రికి విడిగా అనుమతి అక్కర్లేదంది, ప్రైవేటుకైతే కావాలంది. అమెరికాలో 1976 నాటి హైడ్ సవరణ, కొద్దిపాటి మినహాయింపులు తప్ప, పేదల వైద్య పథకం మెడికెయిడ్‌లో అబార్షన్‌కు కేంద్ర నిధులు ఆపేసింది. డబ్బున్న ఇళ్ళకు దానివల్ల ఏ లోటూ రాలేదు. మన దగ్గర డబ్బు ఆగలేదు, కానీ వార్డు గుమ్మం దగ్గర లేనిపోని షరతులు పుట్టాయి.

3. వాటిలో మొదటిది మొగుడి సంతకం. స్పిన్నింగ్ మిల్లులో పనిచేసే పిల్ల, ఇద్దరు బిడ్డల తల్లి, ఒక ఆసుపత్రిలో చీటీ పట్టుకుని నిలబడింది. "ఆయన తిరుప్పూరులో ఉన్నారక్కా, సంతకానికి ఎక్కడికి పోయేది?" సంతకం లేకుండా కుదరదని పంపేశారు. మళ్ళీ వచ్చేసరికి నెల దాటింది, మాత్రలతో అయ్యేది ఆపరేషన్ అయింది. 18 నిండిన ఆడదానికి ఆమె సమ్మతి ఒక్కటే చాలునని చట్టం మొదటినుంచీ చెబుతోంది. సమ్మతి పత్రం ఫారం సి. అందులో మొగుడి సంతకానికి గడి లేదు.

4. "కుటుంబ నియంత్రణ ఆపరేషన్‌కు ఒప్పుకుంటేనే అబార్షన్ చేస్తాం" అనడం రెండోది. అది బేరం. వైద్యంలో బేరం పాపం.

5. మదురై దగ్గర ఉసిలంపట్టి వైపు ఆడశిశువుల్ని చంపిన రోజులు చూసిన తరం మాది. 1992లో తమిళనాడు సర్కారు, వద్దనుకున్న ఆడశిశువుల్ని తనకు అప్పగించమని ఊయల పథకం పెట్టింది. 1994లో లింగ నిర్ధారణను నిషేధించే చట్టం వచ్చింది. అది రావలసిందే. కానీ అది ఆపేది కడుపులో ఉన్నది ఆడా మగా అని చెప్పడాన్ని. దాన్ని సాకుగా పెట్టి, అవసరంలో వచ్చిన ఆడమనిషిని దొంగను చూసినట్టు చూడటం అన్యాయం.

6. తెలుగు చెవిన పడగానే వార్డుకొచ్చిన మన ఆడవాళ్ళ మొహం విచ్చుకునేది. నాదీ వాళ్ళ వీధేనని తెలిస్తే నోరు మూతపడేది. ఇంట్లో తెలుగు, బయట తమిళం మాట్లాడుకునే మన వీధుల్లో అందరూ చుట్టాలే, మాట ఒక్క పూటలో అత్తగారిని చేరుతుంది. అబార్షన్ చట్టానికి వచ్చిన 2021 సవరణ, అబార్షన్ చేయించుకున్న ఆడమనిషి పేరు బయటపెట్టడాన్ని నేరం చేసింది. నర్సులూ, ఆ పేర్లు కడుపులో పెట్టుకోండి.

7. 2022 సెప్టెంబర్ 29న సుప్రీం కోర్టు పెళ్ళికాని ఆడవాళ్ళకూ అబార్షన్‌కు పెళ్ళైనవాళ్ళతో సమానంగా హక్కుందంది. ఇంటివాళ్ళ సమ్మతి లాంటి, చట్టంలో లేని షరతులు డాక్టర్లు పెట్టకూడదంది. కాబట్టి తల్లులారా, ఎవరైనా మొగుడి సంతకం అడిగితే ఫారం సి తెమ్మనండి, ఆ గడి ఎక్కడుందో చూపించమనండి. ఒంటరిగా పోలేకపోతే పక్కింటి అక్కను వెంట తీసుకెళ్ళండి. ఆలస్యం మాత్రం చేయకండి.